మొండయ్య ఇంటి అక్షరాలు

పద్దెనిమిదేళ్ల పాటు కరీంనగర్ గోడల మీద మొండయ్య ఇంటి ఆడవాళ్లు కనబడుతూ వచ్చారు. బస్టాండు ప్రహరీ మీద ఆయన తల్లి పోశవ్వ. గోదావరిఖని వెళ్లే దారిలో, బొగ్గు కార్మికుల సభల పోస్టర్ల మీద ఆయన అక్క కనకవ్వ. టాకీసు పక్క సందులో ఆయన మరదలు తారాబాయి. దారిన పోయేవాళ్లకు ఈ సంగతి తెలియదు. పశువుల అంగడి ఏ వారమో, సినిమా ఎప్పుడు మారుతుందో చదువుకుని వాళ్ల దారిన వాళ్లు పోయేవారు.

తెలిసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఆ పదిమందిలో దీని మీద అలిగిన మనిషి ఒక్కతే, మొండయ్య భార్య అనసూర్య. ఆ గోడల మీద లేనిది కూడా ఆమె ఒక్కతే.

మొండయ్య పుట్టుకతో వడ్రంగి. తలుపులు, నాగళ్లు, మంచాలు చేసుకుంటూ ఉండేవాడు. 1971లో సీతారాంరావు అనే ఆయన మంథని దగ్గరి పొలాలు తమ్ముళ్లకు అప్పజెప్పి, కరీంనగర్ వచ్చి ప్రెస్సు పెట్టాడు. దర్వాజాలు బిగించడానికి మొండయ్యను పిలిచారు. బిగించడం అయిపోయి ఉలులు సంచిలో వేసుకుంటుంటే సీతారాంరావు ఆపాడు.

"మొండయ్యా, చదువుకున్నవా?"

"నాలుగు దాంక, రావుసాబ్."

"అక్షరాలన్నీ యాదికున్నయా?"

"మర్చిపోయేటంత నేర్సుకోలే."

సీతారాంరావు నవ్వి, తన ఇబ్బంది చెప్పాడు. పెళ్లి పత్రికకు సీసపు అక్షరాలు చాలు. గోడ పోస్టరుకు జానెడు అక్షరం కావాలి. అంత పెద్దవి సీసంతో పోస్తే ఎత్తడానికే ఇద్దరు మనుషులు కావాలి కాబట్టి వాటిని కట్టెతో చెక్కుతారు. బయటినుంచి తెప్పిస్తే నెలలు పడుతుంది, వచ్చాక చూసుకుంటే సగం వత్తులుండవు.

"దర్వాజ చేసినోనివి, 'ద' చేయలేవా?" అన్నాడాయన.

మొండయ్య చేశాడు. అందులో చిక్కల్లా ఒక్కటే. కట్టె మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి, అద్దంలో కనబడినట్టు. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. మొదటి నెలంతా ఆయనకు తల తిరిగిపోయింది. తరువాత అలవాటైంది. ఎంత అలవాటైందంటే, అక్షరం ఎటు తిరిగి ఉన్నా ఆయన కంటికి ఒకటే అయిపోయింది.

అచ్చులూ హల్లులూ గుణింతాలూ వత్తులూ కలిపి నూట ఎనభై ముక్కలు. ఆ మొదటి పెట్టె ఏడాదికి తయారైంది. పెట్టె మీద ఏదో ఒక పేరు రాసి పెట్టాలి కదా, రేపు ఇంకో పెట్టె వస్తే కలిసిపోకుండా, అన్నాడు సీతారాంరావు. మొండయ్య బల్ల మీద పరిచిన అక్షరాల వంక చూశాడు. వెడల్పుగా, కాళ్లు చాపుకుని, ఎవరొచ్చినా లేచేది లేదన్నట్టు కూర్చుని ఉన్నాయి.

"మా అవ్వ కూసున్నట్టే కూసున్నయి రావుసాబ్" అన్నాడు.

కంపోజిటర్ మొగిలి మాట పూర్తి కానివ్వలేదు. సుద్దముక్క తీసి పెట్టె మీద 'పోశవ్వ' అని రాసేశాడు. అలా మొదలైంది ఆ ఆనవాయితీ.

పోశవ్వకు ఈ సంగతి తెలిసి, కొడుకు వెంట బస్టాండు దాకా నడిచి వెళ్లింది. గోడ మీద అక్షరాలను కిందినుంచి పైదాకా చూసింది. ఆమెకు చదువు రాదు. పక్కన బీడీ కాలుస్తున్న మనిషిని అడిగింది.

"బిడ్డా, గీడ ఏం రాసున్నది?"

"పశువుల అంగడి అవ్వా. మెట్‌పల్లిల. ఎడ్లు, బర్లు అమ్ముతరట."

పోశవ్వ కొడుకు వైపు తిరిగింది. "నా పేరు వెట్టి బర్లను అమ్ముతున్నవారా?"

"దూరంకెల్లి మంచిగ కనవడ్తయని నీ అచ్చరాలే వెట్టిండ్రే అవ్వా."

"కనవడ్తయి, కనవడ్తయి. బర్రె అంత ఉన్నయి" అంది. అయినా ఇంటికి పోయే దారిలో ఎదురైన ముగ్గురికి తానే చెప్పుకుంది.

కనకవ్వ పెట్టె మూడేళ్లకు వచ్చింది. మొండయ్య అక్క ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి నడుస్తుంది, ఎవరితోనో తేల్చుకోవడానికి బయలుదేరినట్టు. అక్షరాలు కూడా అలాగే ముందుకు వాలి వచ్చాయి. సభలూ సమ్మెలూ ఉన్నప్పుడు కార్మికులు ఆ అక్షరాలే కావాలని అడిగేవారు. ఆ పేరు ఎవరిదో తెలిసిన రోజున కనకవ్వ నిజంగానే ముందుకు వంగి ప్రెస్సుకు వచ్చింది.

"గంత వంకరగున్ననారా నేను?"

"వంకర గాదక్కా, జోరు" అన్నాడు మొండయ్య.

"గీ జోరుకే మీ బావ పదిరోజులాయె, ఖని నుంచి ఇంటికొస్తలేడు" అన్నాడు మొగిలి, తల ఎత్తకుండా అక్షరాలు పేర్చుకుంటూ. ఆ తరువాత రెండు నెలలు కనకవ్వ ఉన్న వీధిలోకి మొగిలి వెళ్లలేదు.

మూడో పెట్టె 1978లో. సినిమా పోస్టర్లకు సన్నగా, పొడుగ్గా ఉన్నవి కావాలన్నారు. మొండయ్య చెక్కుతూ చెక్కుతూ తలకట్టు కొంచెం పైకి లాగాడు. ఎక్కడో చూసినట్టనిపించింది. భైంసాలో పత్తి వ్యాపారి ఇంట్లో గుమాస్తాగా ఉన్న తోడల్లుడి భార్య, అంటే అనసూర్య చెల్లెలు, ఏ మాట విన్నా ముందు కనుబొమలు పైకెత్తుతుంది. ఆ పెట్టె మీద మొగిలి 'తారాబాయి' అని రాశాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని ప్రెస్సుకు వచ్చిన అనసూర్య గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల సీతారాంరావు అంటున్నాడు:

"పోశవ్వను పక్కకు వెట్టు, తారాబాయిని పట్టుకరా. కనకవ్వకు సిరా ఎక్కువైంది, జర గుడ్డతోని తుడువు."

అనసూర్య గిన్నె బల్ల మీద పెట్టింది. "అందరు ఇక్కడనే ఉన్నరు గద. నేను వోయి ఎవలకు వండాలె?"

మొగిలి మెల్లగా అన్నాడు, "వదినె, నీ పెట్టె సుత వస్తది. మొండన్న ఆఖర్కు మంచిది చేద్దామని ఉంచిండు."

"ఆఖర్కు అంటే ఎప్పుడు?"

"త్వరల" అన్నాడు మొండయ్య.

ఆ మాట ప్రెస్సులో రోజూ వాడే మాటే. కొత్త సినిమాకు ముందు వారం వేసే పోస్టర్ల మీద 'త్వరలో' అని ఉంటుంది. దాన్ని కూర్చి, తాడుతో కట్టి, గోడకు ఆనించి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతారు, విప్పి మళ్లీ పేర్చడం దండగని. అనసూర్య ఆ గోడ వైపు చూసి, మొగుడి వైపు చూసి, గిన్నె మూత తీసింది.

నిజానికి ఆ పెట్టెలన్నింటిలో సగం పని అనసూర్యదే. మొండయ్య చెక్కిన ప్రతి ముక్కనూ గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించి, నీడన ఆరబెట్టేది ఆమే. రుద్దుతూ అడిగేది, "గిదేంది?" "క." "గిది?" "దాని గుడి." అలా రుద్దీ రుద్దీ, బడి మొహం చూడని అనసూర్య అక్షరాలన్నీ నేర్చుకుంది. మొండయ్య సంతోషించాడు. ఇందులో ఏదైనా తేడా ఉండవచ్చని ఆయనకు గాని, ఆమెకు గాని తోచలేదు.

తోచింది ఒక పొద్దున, బస్టాండులో. అనసూర్య పోస్టరు ముందు ఆగి చాలాసేపు చూసింది. తిన్నగా ప్రెస్సుకు వచ్చింది.

"రావుసాబ్, కోపం జేయకుండ్రి. గోడ మీద మీ అచ్చరాలన్ని తిర్లమర్ల వడ్డయి."

సీతారాంరావు కంగారుగా ఒక పోస్టరు తెప్పించి చూశాడు. సరిగ్గానే ఉంది. మొగిలి చూశాడు. సరిగ్గానే ఉంది. అప్పుడు మొండయ్యకు అర్థమై, తల గోక్కున్నాడు. ఆమెకు వచ్చినవి కట్టె మీది అక్షరాలు. లోకమంతా ఎడమనుంచి కుడికి చదువుకుంటుంటే, ఆమె ఒక్కతే కుడినుంచి ఎడమకు, అద్దంలోంచి చూసినట్టు చదువుతోంది.

సీతారాంరావు మూడు రోజులు నవ్వాడు. నాలుగో రోజు మొగిలి ఒక మాట కనిపెట్టాడు, "అందరు తప్పు చదువుతున్నరు, వదినె ఒక్కతే కట్టెల ఉన్నది ఉన్నట్టు చదువుతున్నది" అని. అనసూర్యకు ఆ మాట నచ్చింది. సరిచేసి నేర్పిస్తానని మొండయ్య రెండుసార్లు పలక పట్టుకుని కూర్చున్నాడు గానీ, ఆమె ఒప్పుకోలేదు.

"ఒక్కసారి నేర్సుకున్నదాన్ని మళ్ల ఎందుకు నేర్సుకోవాలె? ఉల్టా చేసింది నువ్వు. నువ్వే సీదా చెయ్యి."

భైంసా నుంచి చెల్లెలి కార్డు వస్తే, దువ్వెన దగ్గరుండే చేతి అద్దం తెచ్చి, అందులో చూస్తూ గడగడ చదివేది. అప్పుడు మాత్రం మొండయ్య ఆమె ముఖాన్ని కాక, అద్దం పట్టుకున్న చేతిని చూస్తూ కూర్చునేవాడు.

1979లో ఆయన ఉట్నూరు వైపు పోయి ఒక గుమ్మడి టేకు చెక్క తెచ్చాడు. మూరెడు వెడల్పు, పొడుగు ఇంకొంచెం ఎక్కువ. తెల్లగా, ఒక్క ముడి లేకుండా, ఎండకూ వానకూ వంకరపోనిది. "గిది నీ అచ్చరాలకు" అని అనసూర్య చేతిలో పెట్టాడు.

అంతే, ఆ చెక్క ఉలి ముఖం చూడలేదు. అనసూర్య పేరు మీద మొండయ్య వేరే ముక్కల్లో మూడుసార్లు మొదలుపెట్టాడు. ఒకసారి 'అ' వెడల్పయి తల్లి పోలిక వచ్చింది. ఒకసారి సన్నగా వచ్చి, మరదలి పక్కన పెడితే తేడా తెలియలేదు. మూడోసారి వచ్చింది ఎవరి పోలికో ఆయనకే తెలియలేదు. మూడుసార్లూ చిత్రిక పట్టి చెరిపేశాడు. తల్లినీ అక్కనూ మరదలినీ ఒక్క చూపులో పట్టుకున్నవాడికి, పొద్దున లేస్తే ఎదురుగా ఉండే మనిషి ఎలా ఉంటుందో అందలేదు. కళ్లు మూసుకుంటే ఆమె నడక రాదు, కనుబొమలు రావు. నూనె గుడ్డ పట్టుకున్న చేయి వస్తుంది, అది అక్షరం ఎలా అవుతుంది?

ఈ సంగతి ఆమెకు చెప్పడం చేతకాక, "చెక్క ఇంక ఆరలే" అనేవాడు.

అనసూర్య ఒక ఏడాది ఆగి చూసింది. తరువాత ఆ చెక్కను వంటింట్లోకి తీసుకుపోయి, దాని మీద జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది.

"ఏమే, గది నీ అచ్చరాల చెక్క గదనే."

"ఆరలేదంటివి గద. పొయ్యి కాడ ఉంటే జల్ది ఆరుతది."

తొమ్మిదేళ్లు ఆమె దాని మీద రొట్టె కొట్టింది. మొండయ్య తొమ్మిదేళ్లు ఆ రొట్టె తిన్నాడు. కంచంలో రొట్టె వేసినప్పుడల్లా ఆమె అడిగేది, "ఏమయ్యా, ఆరిందా?" ఆయన అనేవాడు, "త్వరల." పోశవ్వ మూలన కూర్చుని, "మీ ఇద్దరికి గీ రెండు మాటలే వచ్చా?" అనేది. పిల్లలు లేని ఇల్లు. ఆ రెండు మాటలూ లేని రోజున ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది.

ఆ తొమ్మిదేళ్లలో మొండయ్యకు ఇంకో బాధ ఉండేది. కట్టె మీద గీతలు పెట్టుకునే ఎర్ర పెన్సిళ్లు మాయమయ్యేవి. మొగిలిని అనుమానించాడు. ఎలుకలను అనుమానించాడు. ఒకసారి తల్లిని కూడా అడిగాడు. "నాకెందుకురా పెన్సిలు, నేనేమన్న పట్వారీనా?" అంది పోశవ్వ. అనసూర్యను మాత్రం అడగలేదు. రాయడానికి ఆమెకు ఏం పని?

1989 వానాకాలంలో అనసూర్యకు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజున ఆమె పోయింది.

ఆ తరువాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మొండయ్య పనికి పోయేవాడు, వచ్చేవాడు. ప్రెస్సులో పెట్టెల పేర్లు పిలవడం ఆగలేదు గానీ, ఆయన ఉన్నప్పుడు గొంతు తగ్గించి పిలిచేవారు. పోశవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. రొట్టెలు చేతకావని అన్నమే వండేది. చెక్కను పైపైన తుడిచి, గోడకు ఆనించి పెట్టింది. దాన్ని ఎవరూ కదపలేదు.

మరుసటి ఏడాది సీతారాంరావు మొండయ్యను కూర్చోబెట్టుకుని చెప్పాడు. కొత్త యంత్రం వస్తోంది, అందులో అక్షరాలు పేర్చేది ఉండదు, అద్దాల గదిలో కూర్చున్న మనిషి మీటలు నొక్కితే ఫిలిం మీదికి వస్తాయి. కట్టె పెట్టెలతో ఇక పని లేదు.

"ఆ మిషినిల అక్షరాలకు పేర్లుంటయా రావుసాబ్?" అడిగాడు మొండయ్య.

"ఉంటయట. వచ్చినాయన చెప్పిండు. చేసినోళ్లు వాళ్ల భార్యల పేర్లు, బిడ్డల పేర్లు వెట్టుకుంటరట కొందరు." సీతారాంరావు కొంచెం నవ్వాడు. "నేననుకున్న, మా మొండయ్య ఎప్పుడో చేసిండు గీ పని అని."

ఇంకా ఏదో చెప్పాలన్నట్టు సీతారాంరావు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"దసరా దాంక పాత మిషిను నడుస్తది. నువ్వు ఆమెకు ఒక పెట్టె చేస్తనంటివి. నూట ఎనభై ముక్కలు అయితయని నేనంటలేను. ఏ పదో చెయ్యి. ఒక్క పోస్టరన్న వేద్దాం. దసరా దాటితే నా చేతుల ఉండది."

అంటే నెల రోజులు. పదేళ్లలో కుదరనిది నెల రోజుల్లో కుదరాలి. మొండయ్య ఇంటికి వచ్చి, నాలుగోసారి కాగితం మీద 'అ' రాశాడు. చించేశాడు. మళ్లీ రాశాడు. రెండు వారాలు అలాగే గడిచాయి. చెక్క గోడకు ఆనించినట్టే ఉంది. కాగితం మీద కుదరకుండా దాన్ని కోయడానికి ఆయనకు చేయి రాలేదు.

మూడో వారంలో అనసూర్య ఏడాది మాసికానికి తారాబాయి భైంసా నుంచి వచ్చింది. వస్తూనే వంటింట్లోకి పోయింది. బావ ముఖం చూసి ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"బావా, రొట్టె తిని ఎన్ని దినాలాయె నువ్వు?"

"ఏడాది."

"అగబాయి. పొట్ట లోపలికి వోయింది గద. ఉండు, నేను చేస్త. అక్క పీట యాడ?"

గోడ దగ్గరి చెక్కను తీసుకుని పెరట్లోకి పోయింది. ఏడాది దుమ్ము. నీళ్లు పోసి ముందు వైపు కడిగింది. కడిగి, తిప్పింది.

"బావా, మా అక్క పని చూడు. పీట కింద అంత ఎర్ర పెన్సిలుతోని పిచ్చిగీతలు గీసి వెట్టింది. ఇటుకపొడి వెట్టి రుద్దితే పోతయా?"

మొండయ్య కాగితం ముందు నుంచి తల ఎత్తాడు. ఎర్ర పెన్సిలు అన్న మాట ఆయనకు ముందు వినబడింది. అది ఎక్కడ అన్నది ఒక క్షణం తరువాత వినబడింది.

"రుద్దకు" అన్నాడు. లేచి పెరట్లోకి వచ్చేసరికి తారాబాయి చేతిలో ఇటుకపొడి ఉంది.

"గీతలేనయ్యా. అచ్చరాలు సుత గావు."

మొండయ్య ఆమె చేతిలోంచి చెక్క తీసుకుని అరుగు మీద పెట్టాడు. ఆమె చెప్పింది కొంత నిజమే. చాలావరకు గీతలే. మూలల్లో చిన్నచిన్న అక్షరాలు, ఒకదాని మీద ఒకటి, రాసి చెరిపి రాసినవి. 'అ' ఒక్కటే పద్నాలుగు చోట్ల ఉంది. మధ్యలో మాత్రం జానెడు ఎత్తున, రెండు వరుసల్లో, ఒక్కసారే కూర్చుని రాసినట్టు రాసింది. వణుకుతూ మొదలై, పోను పోను ధైర్యం వచ్చిన గీత. అక్షరాల చుట్లన్నీ గుండ్రంగా కాక, రొట్టెల్లాగా ఒక పక్క కొంచెం లాగినట్టున్నాయి. తలకట్లు ఒకదాని వైపు ఒకటి ఒరిగి ఉన్నాయి, పక్కవాళ్లతో మాట్లాడుతున్నట్టు.

అన్నీ కుడినుంచి ఎడమకు. అన్నీ తిరగేసి.

తారాబాయి చేతులు కడుక్కుని లోపలికి పోయి, దువ్వెన దగ్గరి అద్దం తెచ్చింది. చెక్క ముందు పట్టుకుంది. కూడబలుక్కుని చదివింది.

"త్వ... ర... లో." ఆగింది. "అనసూర్య."

ఆమె అద్దం దించలేదు. మొండయ్యకు అద్దం అక్కరలేదు. ఆయన ఎప్పుడో చదివేశాడు. పదేళ్లు తాను కట్టె మీదా కాగితం మీదా వెతికింది ఆ ఇంట్లోనే ఉంది, రోజూ కంచంలో పడే రొట్టెకు అవతలి వైపున. నూనె పట్టిన ఆ చేయి అక్షరం ఎలా అవుతుందా అనుకున్నాడు. ఆ చేయే చూపించింది.

"బావా, అక్క తప్పు రాసిందా?" అంది తారాబాయి మెల్లగా. "అంత ఉల్టా ఉన్నది."

"ఉల్టా గాదు" అన్నాడు మొండయ్య. "తయారున్నది. చెక్కుడే తక్కువ."

పోశవ్వ గడపలో నిలబడి వింటోంది. "పెన్సిళ్లు నేను తీసిన్నని అంటివి గద నన్ను" అంది కొడుకును. పొయ్యి దగ్గరికి పోయి పిండి డబ్బా తీసింది. ఆ రోజు తారాబాయి రొట్టెలు తలకిందులు చేసిన కంచం మీద కొట్టింది.

మొండయ్య ఆ చెక్కను ముక్కలుగా కోయలేదు. ఉన్నది ఉన్నట్టు, ఆమె గీత వెంబడే, చుట్టూ ఉన్న కట్టె మాత్రం తీసేశాడు. వణికిన చోట ఉలి కూడా వణికించాడు. ఆయన చేయి ఎక్కడైనా సరిచేయబోతే, తానే ఆపుకున్నాడు. మూలల్లో ఉన్న పద్నాలుగు 'అ'లనూ తీసేయాల్సి వచ్చింది. వాటిని తీసే ముందు ఒక కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాడు. తొమ్మిది రోజులు పట్టింది. నూనె ఆయనే పట్టించాడు.

ప్రెస్సులో మొగిలి చెక్కను సీసపు అక్షరం పక్కన పెట్టి ఎత్తు చూశాడు. అంచుల దగ్గర సరిపోయింది. మధ్యలో వెలితి ఉంది. వెనక తిప్పి చేత్తో తడిమాడు.

"మొండన్నా, నడిమిట్ల అరిగింది గద."

"రొట్టెలకు."

మొగిలి కాగితాలు కత్తిరించి, ఆ పల్లం ఎంతుందో అంత దొంతిగా పేర్చి, చెక్క కింద పెట్టి ఎత్తు సరిచేశాడు. ఎన్ని కాగితాలు పట్టాయో అతను లెక్కపెట్టినట్టున్నాడు గానీ, బయటికి చెప్పలేదు. సిరా రాసి మొదటి కాగితం తీశాడు. ఎత్తి పట్టుకుంటే ముగ్గురూ చూశారు. ఎడమనుంచి కుడికి, ఎవరైనా చదవగలిగేలా పడింది.

"గిది ఏ పెట్టెల వెట్టాలె?" అన్నాడు మొగిలి, అలవాటుగా సుద్దముక్క తీసి.

"రాయకు" అన్నాడు సీతారాంరావు. "అదే చెప్తుంది గద."

మొండయ్య ఒక్కటి చాలన్నాడు. సీతారాంరావు యాభై వేయించాడు. దసరాకు ముందు శుక్రవారం నాటికి ఊళ్లో యాభై గోడల మీద 'త్వరలో అనసూర్య' అని ఉంది. సోమవారం టాకీసు మేనేజరు ప్రెస్సుకు వచ్చాడు.

"రావుసాబ్, గీ అనసూర్య ఎవరి పిక్చరు? జనం నన్ను పరేషాన్ చేస్తున్నరు. రీళ్ల డబ్బా ఎప్పుడొస్తదని ఒకటే అడుగుడు. మాకైతే ఖబర్ లేదు."

"మాకు సుత లేదు" అన్నాడు సీతారాంరావు. "మేము పోస్టరు వేసినం, అంతే."

ఆ సాయంత్రం మొండయ్య తల్లిని తీసుకుని బస్టాండుకు వెళ్లాడు. ఇప్పుడామె నడకకు చాలాసేపు పట్టింది. మంథని బస్సు అప్పుడే కదిలి, ప్రహరీ ముందు కాస్త జాగా అయింది. పోశవ్వ గోడ ముందు నిలబడి కిందినుంచి పైదాకా చూసింది. పక్కనున్న మనిషిని అడిగింది.

"బిడ్డా, గీడ ఏం రాసున్నది?"

"అనసూర్య అని సినిమా అవ్వా. త్వరలో వస్తదట." ఆ మనిషి పోస్టరును ఇంకోసారి చూసి మూతి విరిచాడు. "ఏ టాకీసులనో రాయలే, ఏ తారీకో రాయలే. అచ్చరాలు సుత కుదురుగ లేవు. ఎవలు రాసిండ్రో గానీ."

"మా కోడలు" అంది పోశవ్వ. "రొట్టె పెంక మీద ఉన్నప్పుడు రాసింది. గంతకన్న కుదురు ఎక్కడొస్తది?"

ఆ మనిషి ముసలమ్మను ఒకసారి చూసి, బస్సు చూసుకుని వెళ్లిపోయాడు. పోస్టరు కింది మూల జిగురు పట్టక కొంచెం లేచి ఉంది. మొండయ్య దగ్గరికి పోయి, దాన్ని అరచేత్తో గోడకు ఒత్తి, అంటుకునే దాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.